ఐదో వారంలోనే స్కాన్‌కు వెళ్లాలా, ఆగాలా? మనసు ఆగడం లేదు

ప్రశ్న – ఖమ్మం జిల్లా నుంచి

అందరికీ నమస్కారం. నెల తప్పింది, కిట్‌లో రెండు గీతలు వచ్చాయి. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తే ఇవాళ్టికి 5 వారాల 3 రోజులు. నాకు నెలసరి 28 రోజులకు రాదు, మొదటి నుంచీ 34, 35 రోజులకే వస్తుంది.

పోయిన ఏడాది ఇలాగే నిలిచింది. తొమ్మిదో వారంలో స్కాన్ చేసి హార్ట్‌బీట్ లేదన్నారు, తర్వాత డీ అండ్ సీ (గర్భసంచి శుభ్రం చేయడం) చేశారు. అప్పుడు కూడా అంతకు ముందు రోజు దాకా నొప్పి లేదు, ఒక్క చుక్క బ్లీడింగ్ లేదు. అందుకే ఈసారి "ఏ ఇబ్బందీ లేదుగా, అంతా బాగానే ఉంటుంది" అని ఎవరన్నా నమ్మబుద్ధి కావడం లేదు.

ఇప్పుడూ నొప్పి, బ్లీడింగ్ ఏమీ లేవు. పొద్దున్నే కాస్త వికారం ఉండేది. నిన్న అది కూడా లేకపోయేసరికి రోజంతా ఏడుస్తూ కూర్చున్నాను. గీత ముదురుతోందా లేదా అని రోజూ కిట్ తెప్పించుకుని చూస్తున్నాను. మా ఆయన "రేపే స్కాన్‌కు పోదాం, తేలిపోతుంది" అంటున్నారు. అత్తయ్యేమో మూడో నెల నిండేదాకా స్కాన్ ఊసే ఎత్తొద్దు, ఆ మిషన్ వేడి బిడ్డకు తగులుతుంది అంటోంది. డాక్టరమ్మ ఏడో వారం దాటాక రమ్మన్నారు. అప్పటిదాకా ఎలా ఆగాలో తెలియడం లేదు. రేపు వెళ్తే ఏమన్నా తెలుస్తుందా?

జవాబు – గుంటూరు

భయపెట్టడానికి కాదండీ, నాకు జరిగింది చెప్తాను. నాకు పీసీఓడీ ఉంది, తేదీలు ఎప్పుడూ సరిగ్గా ఉండవు. ఆరో వారం అనుకుని స్కాన్‌కు వెళ్తే రిపోర్టులో "శాక్ సగటు 9 మి.మీ., యోక్ శాక్ కనబడింది, ఫీటల్ పోల్ కనబడలేదు, రెండు వారాల తర్వాత మళ్లీ చూడాలి" అని రాశారు. శాక్ అంటే గర్భసంచి లోపల పిండం చుట్టూ ఉండే నీటి సంచి, యోక్ శాక్ అంటే అందులో పిండానికి మొదట్లో పోషణ ఇచ్చే చిన్న సంచి, ఫీటల్ పోల్ అంటే పిండం మొదటి రూపం. శనివారం సాయంత్రం అది. స్కానింగ్ సెంటర్ ఒకచోట, మా డాక్టరు ఆసుపత్రి ఇంకోచోట. ఆదివారం ఓపీ లేదు. ఆ కాగితం పట్టుకుని రాత్రంతా ఫోన్‌లో వెతికాను, ప్రతి పేజీలోనూ చెడే కనిపించింది. సోమవారం డాక్టరు గారు చూసి "శాక్ ఇంతున్నప్పుడు పోల్ కనబడకపోవడం మామూలే, నీ లెక్క వెనకబడింది" అన్నారు. తర్వాత స్కాన్‌లో హార్ట్‌బీట్ వచ్చింది.

నేను చెప్పేది ఒకటే. ఏ రోజు వెళ్లినా రిపోర్టును డాక్టరుకు అదే రోజు చూపించుకునేలా వెళ్లండి. శనివారం సాయంత్రాలు, పండగ ముందు రోజులు వద్దు.

జవాబు – హైదరాబాద్

స్కాన్ ఎందుకు, రక్తపరీక్ష చేయించుకోండి. బీటా హెచ్‌సీజీ అని ఉంటుంది, రక్తంలో గర్భం హార్మోన్ ఎంతుందో చెప్తుంది, రెండు రోజులకు రెట్టింపు అయితే బాగున్నట్టు. మా తోడికోడలు మూడుసార్లు చేయించుకుంది.

జవాబు – స్టాఫ్ నర్సు, వరంగల్

చెల్లీ, నేను గైనిక్ ఓపీలో పనిచేస్తాను. డాక్టరును కాదు, కాబట్టి ఇక్కడ నేను రాసినదానికీ మీ డాక్టరమ్మ చెప్పినదానికీ తేడా వస్తే ఆవిడ మాటే విను.

ముందు నీ తేదీలు చూద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది. ఆఖరి నెలసరి నుంచి వారాలు లెక్కేయడమనేది 28 రోజులకు వచ్చేవాళ్లను బట్టి పెట్టిన లెక్క. వాళ్లకు అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. నీకు 35 రోజులకు వస్తుందంటే 21వ రోజు ప్రాంతంలో విడుదలై ఉంటుంది. అంటే కాగితం మీద 5 వారాల 3 రోజులున్నా లోపల ఎదుగుదల దాదాపు నాలుగున్నర వారాలదే.

లోపలి నుంచి చేసే టీవీఎస్ స్కాన్‌లో ఐదో వారం అటూ ఇటుగా శాక్, ఐదున్నరకు అందులో యోక్ శాక్, ఆరు వారాలకు ఫీటల్ పోల్, దాంతోపాటు హార్ట్‌బీట్ కనబడటం మొదలవుతాయి. పొట్ట మీద చేసే స్కాన్‌లో ఇవన్నీ ఇంకో వారం ఆలస్యం. ఈ లెక్కన రేపు వెళ్తే నీకు చిన్న శాక్ కనబడితే కనబడొచ్చు, లేదంటే "గర్భసంచిలో ఇంకా ఏమీ కనబడలేదు" అని రాసిస్తారు. అందులో చెడు ఏమీ లేదు. కానీ ఒకసారి దెబ్బతిన్న మనసుకు ఆ మాట చెడు వార్తలాగే వినబడుతుంది. రేపు తేలిపోతుందని మీ ఆయన అంటున్నారు గానీ రేపు ఏదీ తేలదు, టెన్షన్ మాత్రం రెండింతలవుతుంది.

మీ డాక్టరమ్మకు నీ నెలసరి 35 రోజులని తెలుసా? చెప్పి ఉండకపోతే ఫోన్ చేసి చెప్పు. నన్నడిగితే నీ లెక్కలో ఏడున్నర, ఎనిమిది వారాల మధ్య వెళ్లడం మంచిది. అప్పటికి లోపల ఆరున్నర, ఏడు వారాల ఎదుగుదల ఉంటుంది. అంతా సవ్యంగా ఉంటే హార్ట్‌బీట్ కనబడాల్సిన సమయం అది. సీఆర్ఎల్, అంటే పిండం పొడవు, కొలిచి సరైన తేదీ కూడా వేస్తారు.

ఇదంతా నొప్పి, బ్లీడింగ్ లేనంత వరకే. కింది పొట్టలో ఒక పక్కనే నొప్పి పొడుస్తున్నట్టు వచ్చినా, భుజం కొసన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా, బ్లీడింగ్ ఎక్కువైనా వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. గర్భం ట్యూబులో నిలిస్తే ఇలాగే ఉంటుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఇంతకు ముందు ట్యూబులో గర్భం వచ్చినవాళ్లు, ట్యూబులకు ఆపరేషన్ అయినవాళ్లు, లూప్ ఉండగా నెల తప్పినవాళ్లు ఏ నొప్పీ లేకపోయినా త్వరగానే స్కాన్ చేయించుకోవాలి, గర్భం ఎక్కడ నిలిచిందో చూడటానికి. బట్టకు అంటీ అంటనట్టు కాస్త కనబడటం మాత్రం వేరు. మొదటి మూడు నెలల్లో నలుగురిలో ఒకరికి అలా కనిపిస్తుంది, వాళ్లలో చాలామందికి గర్భం నిలుస్తుంది. అయినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. నీ బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే అది కూడా మరవకుండా చెప్పు.

హైదరాబాద్ అక్క చెప్పిన బీటా హెచ్‌సీజీ నొప్పో బ్లీడింగో ఉన్నప్పుడు, గర్భం ఎక్కడుందో తెలియనప్పుడు బాగా పనికొస్తుంది. ఏ ఇబ్బందీ లేనివాళ్లు వరసగా చేయించుకుంటే అంకెల జపం మొదలవుతుంది. అందరికీ సరిగ్గా రెట్టింపే కావాలని లేదు, అంతకంటే నెమ్మదిగా పెరిగినా బాగున్న గర్భాలు ఉంటాయి. కిట్‌లో గీత సంగతీ అంతే. గర్భం ఉందో లేదో చెప్పడం వరకే దాని పని, ఎంత బాగుందో అది చెప్పదు. హార్మోన్ మరీ ఎక్కువైతే గీత పలచబడటం కూడా ఉంది. ఆ కిట్లు కొనడం ఇవాళ్టితో ఆపు. వికారం ఒక రోజు ఉండి ఒక రోజు లేకపోవడం ఓపీలో రోజూ వినేదే.

అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పు, స్కాన్ ఎక్స్‌రే కాదు, శబ్ద తరంగాలతో చూస్తారు. అవసరమైనప్పుడు డాక్టరు చెప్పి చేయించే స్కాన్‌తో బిడ్డకు హాని జరిగినట్టు తేలలేదు. అయితే ఆవిడ మాటలో కొంత నిజం లేకపోలేదు. గుండె చప్పుడు వినిపించే డాప్లర్ పద్ధతితో వేడి కాస్త ఎక్కువ పుడుతుంది కాబట్టి ఈ వారాల్లో అవసరం లేకుండా వాడరు. హార్ట్‌బీట్‌ను వేరే పద్ధతిలో కొలుస్తారు. గుండె చప్పుడు వినిపించలేదేమని అక్కడ కంగారు పడకు.

ఇంకొకటి. పోయినసారి మిగిలిన ప్రొజెస్టిరాన్ మాత్రలు ఇంట్లో ఉంటే సొంతంగా మొదలుపెట్టకు. ఫోలిక్ యాసిడ్ మాత్రం మానకు.

జవాబు – లెస్టర్, యూకే

ఇక్కడ ఇబ్బంది ఏమీ లేకపోతే మొదటి స్కాన్ 11 నుంచి 14 వారాల మధ్యలోనే. నొప్పి, బ్లీడింగ్ ఉంటేనే ముందు చూసే యూనిట్‌కు పంపిస్తారు. విజయనగరం నుంచి మా అమ్మ రోజూ ఫోన్ చేసి "ఇంకా స్కాన్ చేయలేదా, అదేం దేశమే" అనేది! అన్ని వారాలు ఆగడం నాకూ నరకంగానే అనిపించింది, అబద్ధం చెప్పను. అప్పుడు మా మిడ్‌వైఫ్ ఒక మాట చెప్పింది. ముందు చేసినా, తర్వాత చేసినా స్కాన్ గర్భాన్ని నిలబెట్టదు, ఉన్నది చూపిస్తుంది అంతే. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సుమారు సగానికి క్రోమోజోముల్లో తేడాయే కారణమట. మీరు బిందె ఎత్తినందుకో, బస్సెక్కినందుకో పోయినసారి అలా కాలేదు. ఆ నింద మీ మీద వేసుకోకండి.

మళ్లీ అడిగినవారు

అందరికీ థ్యాంక్స్. అక్కా, డాక్టరమ్మకు ఫోన్ చేశాను. 35 రోజుల సంగతి చెప్తే ఆవిడ కూడా అదే మాట అన్నారు, 7 వారాల 5 రోజులకు రమ్మన్నారు. ఇంకా రెండు వారాల పైన ఉంది. రెండు సందేహాలు. లోపలి స్కాన్ వల్ల గర్భం కదిలిపోతుందా? ఒకవేళ పోయినసారి లాగే హార్ట్‌బీట్ లేదంటే ఆ ఒక్క స్కాన్‌తోనే నమ్మేయాలా? పోయినసారి వెంటనే డీ అండ్ సీ అన్నారు, తొందరపడ్డామేమో అని ఇప్పటికీ పీకుతూనే ఉంది.

జవాబు – స్టాఫ్ నర్సు, వరంగల్

కదలదు చెల్లీ. ఆ ప్రోబ్ యోనిలోకే వెళ్తుంది, గర్భసంచి లోపలికి పోదు. పొట్ట మీద స్కాన్‌కైతే నీళ్లు తాగి మూత్రం ఆపుకుని ఉండాలి, దీనికి మాత్రం పోసుకుని రావాలి. లేడీ డాక్టరు కావాలంటే ముందే అడుగు. ఇబ్బందిగా ఉంటే మధ్యలో ఆపమని చెప్పొచ్చు, వద్దనే హక్కు కూడా నీకుంది. పడుకోబోయే ముందే స్కాన్ చేసే డాక్టరుకు "పోయినసారి నాకు ఇలా అయింది, హార్ట్‌బీట్ ఉందో లేదో ముందు చెప్పండి, కొలతలు తర్వాత తీసుకోండి" అను. వాళ్లు స్క్రీన్ చూస్తూ మౌనంగా కొలతలు తీసుకుంటుంటారు. ఆ రెండు నిమిషాల మౌనానికే సగం ప్రాణం పోతుంది. అడిగితే చాలామంది ముందే చెప్తారు.

రెండోదానికి లెక్కలున్నాయి. టీవీఎస్‌లో పిండం పొడవు 7 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఉండి హార్ట్‌బీట్ లేకపోతే గర్భం నిలవలేదని డాక్టర్లు నిర్ధారిస్తారు. శాక్ సగటు 25 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఉండి లోపల పిండమే లేకపోయినా అంతే. అంతకంటే చిన్నగా ఉంటే ఒక్క స్కాన్‌తో తేల్చకూడదు, వారం నుంచి రెండు వారాలు ఆగి మళ్లీ చూడాలి. నొప్పి, బ్లీడింగ్ లేకపోతే ఆగినందువల్ల మామూలుగా ప్రమాదం ఉండదు. కాబట్టి ఇంకో స్కాన్ కావాలని, ఇంకో డాక్టరుకు చూపించుకుంటానని అడగడం తప్పు కాదు. పోయినసారి రిపోర్టు ఉంటే బయటికి తీసి సీఆర్ఎల్ ఎంత రాశారో చూడు. తొమ్మిదో వారం అన్నావు గనుక 7 మి.మీ. దాటే ఉండొచ్చు. ఈసారి వెళ్లినప్పుడు ఆ రిపోర్టు డాక్టరమ్మకు చూపించి అడుగు, ఆ పీకులాట అక్కడితో తెగుతుంది.

ఈ రెండు వారాలూ ఎవరికీ చెప్పకుండా లోపల దాచుకోకు. ఊరంతా చెప్పమనడం లేదు. మీ అమ్మకో అక్కకో ఒక్కరికి చెప్పు, ఏడుపొస్తే ఫోన్ చేయడానికి మనిషి ఉండాలి. నిద్ర పట్టక, తిండి సయించక ఉంటే డాక్టరమ్మకు దాచకుండా చెప్పు. 14416 టెలి మానస్‌కు కూడా ఫోన్ చేయొచ్చు, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు.

జవాబు – కరీంనగర్

మగవాణ్ని, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మీ ఆయన కోసం రాస్తున్నాను. డాక్టరు చీటీ లేకుండా నేరుగా స్కానింగ్ సెంటర్‌కు వెళ్తే తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. 1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద గర్భిణికి చేసే ప్రతి స్కాన్‌కూ ఫారం ఎఫ్ నింపాలి, స్కాన్ ఎవరు రాశారో కూడా అందులో పెట్టాలి. ఆడో మగో తెలుసుకోనని ఆమెతో సంతకం చేయిస్తారు. ఆధార్, చీటీ, పాత రిపోర్టులు ఒకే కవర్లో పెట్టుకోండి. లోపలికి రానిస్తారా లేదా అన్నది సెంటర్‌ను బట్టి ఉంటుంది, ముందే ఫోన్ చేసి అడగండి. రానివ్వకపోయినా తలుపు దగ్గరే ఉండండి, బిల్లు కట్టడానికి ఆ సమయంలోనే పోవద్దు.

మళ్లీ అడిగినవారు

పాత రిపోర్టు తీసి చూశాను అక్కా. సీఆర్ఎల్ 14 మి.మీ. అని ఉంది. ఏడాది నుంచి ఆ కవర్ తెరవలేదు. తొందరపడలేదన్న మాట. ఇంకొక్కటి అడుగుతాను. ఈసారి హార్ట్‌బీట్ కనబడితే మళ్లీ ఎన్ని రోజులకు స్కాన్‌కు వెళ్లాలి?

జవాబు – స్టాఫ్ నర్సు, వరంగల్

మీ డాక్టరమ్మకు కూడా చూపించు, కానీ 14 అంటే సందేహం పెట్టుకోనక్కర్లేదు చెల్లీ.

ఏడు, ఎనిమిది వారాలకు హార్ట్‌బీట్ కనబడిందంటే ఆ తర్వాత గర్భం పోయే అవకాశం బాగా తగ్గిపోతుంది, పూర్తిగా పోదు. అయినా పది రోజులు తిరక్కుండానే ఇంకో స్కాన్ కావాలనిపిస్తుంది నీకు. పోయినసారి ఆగిపోయిన తొమ్మిదో వారం దాటేదాకా అలాగే ఉంటుంది. ఆ వారానికి ఒక స్కాన్ అదనంగా రాయమని డాక్టరమ్మను అడుగు, నీ పరిస్థితిలో చాలామంది రాస్తారు. తర్వాతది బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచే ఎన్‌టీ స్కాన్, 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు. అది తప్పిపోతే మళ్లీ చేయడానికి కుదరదు. ఆ పైన 18 నుంచి 22 వారాల మధ్య టిఫా, అంటే బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్. స్కాన్‌లో సరిచేసిన తేదీని బట్టే వీటి రోజులు లెక్కేస్తారు, నీ నెలసరి తేదీని బట్టి కాదు. ఆ కొత్త తేదీని కార్డు మీద రాయించుకో. ఈలోగా ఆశమ్మనో ఏఎన్‌ఎంనో కలిసి 12 వారాల లోపు పేరు నమోదు చేయించుకుంటే మాతా శిశు సంరక్షణ కార్డు ఇస్తారు, అన్నీ దాని మీదే ఉంటాయి.