‘డౌట్’, ‘సస్పెక్ట్’: తెలుగులో రెండూ అనుమానమేనా?

మాదాపూర్ ఉద్యోగి:
లెక్కల పట్టికలో పొరపాటు ఉన్నట్టు తోచి, మా పై అధికారికి ‘ఐ డౌట్ దేర్ ఈజ్ ఎ మిస్టేక్’ అని రాశాను. ఆయన దానిని పొరపాటు లేదన్న భరోసాగా తీసుకొని పట్టికను అలాగే ఖాతాదారునికి పంపించారు. తప్పు బయటపడిన తరువాత నా మెయిలే నాకు ఎదురు సాక్ష్యమైంది. ‘డౌట్’ అంటే అనుమానించడమే కదా?

తార్నాక అధ్యాపకురాలు:
మీరు రాయవలసినది ‘సస్పెక్ట్’ అండీ. ఒక సంగతి ఉందనే వైపు మనసు మొగ్గితే ‘సస్పెక్ట్’, లేదనే వైపు మొగ్గితే ‘డౌట్’. అందువల్ల ఒకదానికి బదులు మరొకటి వేస్తే వాక్యం తలకిందులవుతుంది. మనం ఈ తేడాను క్రియలో కాక, దాని ముందు మాటలో చూపిస్తాము. ‘ఆయన వచ్చాడని అనుమానం’ అన్నది సస్పెక్ట్, ‘ఆయన వస్తాడో రాడోనని అనుమానం’ అన్నది డౌట్. అందుకే నేను పిల్లలచేత ముందు తెలుగు వాక్యం రాయించి, అందులో ఆ ‘ఓ’ ఉందేమో చూడమంటాను. మనిషి విషయంలోనూ ఇంతే: తప్పు చేశాడనుకుంటే సస్పెక్ట్, అతని మాట నమ్మకపోతే డౌట్.

దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి:
ఫోనులో మాట సరిగా అందనప్పుడు ‘ఐ యామ్ నాట్ ఏబుల్ టు లిసన్’ అని చాలాకాలం అన్నాను. వినపడడం హియర్, చెవి పెట్టి వినడం లిసన్ అని తెలుగులోనే ఆలోచించి ఉంటే ఆ తప్పు చేసేవాడిని కాదు.

నల్లకుంట విశ్రాంత ఉద్యోగి:
ఇంగ్లీషు క్రియ కూడా అన్నిచోట్లా కచ్చితంగా ఉండదు. మా వీధిలో గేటు గేటుకూ వేలాడే ‘టు లెట్’ పలకలోని ‘లెట్’ అద్దెకివ్వడానికే చెల్లుతుంది గాని, ‘రెంట్’ ఇచ్చేవారికీ తీసుకొనేవారికీ కూడా చెల్లుతుంది. ఇచ్చేవారు ‘రెంట్ అవుట్’ అంటే సందిగ్ధం ఉండదు. అప్పు దగ్గర ఈ వెసులుబాటు లేదు, ఇస్తే లెండ్, తీసుకుంటే బారో. నేను బ్యాంకులో ఉన్నప్పుడు, అప్పు ఇమ్మని అడుగుతూ ‘బారో మీ’ అని రాసిన దరఖాస్తులు చాలా చూశాను.

మాదాపూర్ ఉద్యోగి:
అధ్యాపకురాలు గారికి కృతజ్ఞతలు. పై అధికారికి ‘సస్పెక్ట్’ అని రాస్తే దురుసుగా ఉంటుందా?

తార్నాక అధ్యాపకురాలు:
మీరు అనుమానించేది మనిషిని కాదు, లెక్కను. కాబట్టి దురుసేమీ కాదు. ఏ వరుసలో పొరపాటు తోచిందో కూడా అదే మెయిలులో రాయండి.