భర్త సంతకం లేనిదే గర్భస్రావం చేయరా? సుప్రీంకోర్టు 2022 తీర్పు తర్వాత మీ అనుభవాలు చెప్పండి

తుంగతీరం:
మా చెల్లెలికి 26 ఏళ్లు, పెళ్లి కాలేదు. గర్భం పదో వారంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే భర్తనో తండ్రినో తీసుకురమ్మన్నారు. 2022 సెప్టెంబరు 29 నాటి సుప్రీంకోర్టు తీర్పు మాటెత్తితే "ఇక్కడి పద్ధతి ఇదీ" అని జవాబు. ఈ గొడవ లేకుండా పని జరిగినవాళ్లు ఉన్నారా?

నల్లకోటు:
వాళ్లు అడిగినదానికి చట్టంలో ఆధారం లేదు. 18 నిండిన స్త్రీ సమ్మతి చాలు; ఆమె సంతకం చేయవలసిన కాగితం ఫారం సి. సంరక్షకుల సంతకం మైనర్లకు, మానసిక వ్యాధి ఉన్నవారికి మాత్రమే. 20 వారాల లోపు ఒక్క డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు కావాలి, అదీ అత్యాచార బాధితులు, మైనర్ల వంటి కొన్ని వర్గాలకే. పెళ్లికాని వారిని అక్కడ తప్పించకూడదన్నది 2022 తీర్పు. మీ చెల్లెలిది పదో వారం, ఆ తీర్పు దాకా వెళ్లే అవసరమే లేదు.

రాత్రిడ్యూటీ:
ప్రసూతి వార్డులో నర్సుని. చట్టం తెలియక అడగడం లేదండీ. బంధువులు వచ్చి గొడవ చేస్తారని, పోలీసు కేసవుతుందని భయం. గర్భస్రావం చేయడం భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షను కింద ఇప్పటికీ నేరమే. గర్భస్రావాన్ని అనుమతించే 1971 చట్టం దానికి మినహాయింపు మాత్రమే. కానీ ఆ భయానికి నలిగిపోయేది కౌంటరు ముందు నిలబడ్డ అమ్మాయి. తిప్పి పంపినవాళ్లలో కొందరు ఏవో మాత్రలు మింగి, రక్తస్రావంతో మళ్లీ మా దగ్గరికే వస్తారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పేరు_వద్దు:
నాకు పెళ్లయింది. ఆ గర్భం నా ఇష్టంతో వచ్చినది కాదు. ఇంతకంటే రాయలేను. భర్త బలవంతాన్ని కూడా ఈ గర్భస్రావ చట్టం వరకు అత్యాచారంగానే చూడాలని ఆ తీర్పు చెప్పింది, ఎఫ్ఐఆర్ అక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ నన్ను విడిగా కూర్చోబెట్టి అంతా విని, నా సంతకంతోనే చేశారు. కానీ భర్తను అత్యాచారం కింద శిక్షించడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు. ఏ పార్టీ నాయకుడైనా ఎన్నికల సభలో ఈ మాట ఎత్తగా విన్నారా?

మామిడితోట:
నా ఆలోచన వేరు. 2023 అక్టోబరులో 26 వారాలు దాటిన వివాహితకు గర్భస్రావానికి సుప్రీంకోర్టు అనుమతి ఇవ్వకపోవడం సరైనదే. బిడ్డకు లోపం లేదు, తల్లి ప్రాణానికి తక్షణ ప్రమాదమూ లేదు. ఎక్కడో ఒక హద్దు ఉండాలి.

రెండోకాన్పు:
ఆమె ఇద్దరు పిల్లల తల్లి, కాన్పు తర్వాత వచ్చిన మానసిక వ్యాధికి మందులు వాడుతోంది. పాలిచ్చే రోజుల్లో నెలసరి రాక గర్భం సంగతి తెలియలేదంది. నాకూ అలాగే ఆలస్యంగా తెలిసింది, ఆమె అబద్ధమాడలేదని నాకు తెలుసు. మొదట అనుమతించిన ఇద్దరు న్యాయమూర్తులే అక్టోబరు 11న చెరో మాట చెప్పారు, 16న ముగ్గురి ధర్మాసనం కాదంది. హద్దు ఉండాలంటే సరే, సంతకాల పేరుతో తిప్పి తిప్పి ఆడవాళ్లను ఆ హద్దు దాటించేది ఎవరు?

నల్లకోటు:
తుంగతీరం గారూ, వాళ్లు చేయబోమంటే కారణం కాగితం మీద రాసివ్వమనండి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. చెల్లెలి వివరాలు బయటపెడితే ఏడాది వరకు జైలు పడవచ్చని కూడా గుర్తుచేయండి. జిల్లా పేరు నాకు విడిగా పంపండి, రేపు ఉదయమే మాట్లాడతాను.