చల్లారాల్సిన నీళ్లు గ్రాఫ్‌లో మళ్లీ వేడెక్కుతున్నాయి, కొంచెం చూడండి

తికమక: పొద్దుట్నుంచీ దీంతోనే కుస్తీ. వేడినీళ్లు చల్లారే రీడింగులు తీశాను. మొదట్లో 80 డిగ్రీలు, 10 నిమిషాలకి 65, 20కి 54.5, 30కి 47.2. గంటకి ఎంతుంటుందో కావాలి. స్ప్రెడ్‌షీట్‌లో సరళరేఖ పొడిగిస్తే 12.7 వస్తోంది. పోనీ అని వర్గ సమీకరణం పెడితే 49! అరగంటకే 47కి దిగినవి పొయ్యి లేకుండా ఎలా వేడెక్కుతాయండీ? ఆర్ స్క్వేర్ (గీత చుక్కలకి ఎంత బాగా కుదిరిందో చెప్పే సంఖ్య, 1 అయితే పూర్తిగా కుదిరినట్టు) చూస్తే 0.999 దాటింది. సాఫ్ట్‌వేర్‌లో బగ్గా? రేపే ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పాదరసం: ముందు గిన్నెకి మూత ఉందా? 80 దగ్గర ఆవిరి రూపంలోనే బోలెడు వేడి పోతుంది. థర్మామీటర్ అడుక్కి ఆనిందా, మధ్యలో వేలాడిందా? చూసే ముందు నీళ్లు కలిపారా? ఎవరూ కలపరు, తీరా రీడింగు తప్పొచ్చిందంటారు.

రెండోబెంచీ: గది ఉష్ణోగ్రత?

తికమక: దానికీ దీనికీ ఏం సంబంధం? 30. మూత లేదు.

రెండోబెంచీ: అన్నిట్లోంచీ 30 తీసెయ్యండి. 50, 35, 24.5, 17.2. పది నిమిషాలకోసారి పదింట ఏడు వంతులు మిగులుతోంది. ఇంకో మూడుసార్లు 0.7తో గుణించి 30 కలపండి.

లెక్కలపిచ్చి: న్యూటన్ శీతలీకరణ నియమం అదే: గదితో ఉన్న తేడా ఎంతుంటే చల్లారే వేగం ఆ నిష్పత్తిలో ఉంటుంది. మీ వర్గ సమీకరణం 25వ నిమిషానికి 50.3 ఇస్తుంది, ఈ పద్ధతిలో 50.5. రీడింగుల మధ్యలో ఏదైనా నడిచిపోతుంది. దాటి పొడిగిస్తేనే గొడవ: పారాబొలా (వర్గ సమీకరణం గీసే వంపు) 43వ నిమిషం దగ్గర అడుగు తాకి పైకి లేస్తుంది. దాని ఆకారమే అంత, బగ్ కాదు. ఆర్ స్క్వేర్ ఉన్న చుక్కల సంగతే చెప్తుంది.

పాదరసం: మూత లేని గిన్నెకి ఆ నియమం ఉజ్జాయింపే. మూడు నిష్పత్తులు చూసి నియమం అనేస్తారా?

లెక్కలపిచ్చి: ఆయన అడిగిందీ ఉజ్జాయింపే కదా!

గాలిబుడగ: సరళరేఖని మరీ తీసిపారేయకండి. ఉష్ణోగ్రతతో వాయువు ఘనపరిమాణం ఎలా మారుతుందో గీసి, ఆ గీతని ఘనపరిమాణం సున్నా అయ్యేదాకా పొడిగిస్తే మైనస్ 273 డిగ్రీల దగ్గరికే, అంటే ఇక అంతకన్నా చల్లబడలేని చోటికే చేరుతుంది. అక్కడికి చేరేలోపే వాయువులన్నీ ద్రవాలైపోతాయి, అయినా గీత సరైన చోటే చూపించింది.

పాదరసం: పీడనం స్థిరంగా ఉంచితేనే. అది చెప్పరేం?

రెండోబెంచీ: గంట ఆగి థర్మామీటర్ పెట్టొచ్చుగా.

తికమక: నీళ్లు పారబోశాను. 35.9 వేసేశా, థాంక్స్.

పాదరసం: కలిపారా లేదా చెప్పనే లేదు.