ఫ్రీ మోషన్ క్విల్టింగ్ చేస్తుంటే బొటనవేలి మొదట్లో నొప్పి: మీరెలా నెట్టుకొస్తున్నారు?

ప్రశ్న (డాలస్ నుంచి)
అందరికీ నమస్కారం. అమ్మ కట్టుకున్న వెంకటగిరి నూలు చీరలతో మనవరాలికి బొంత కుడుతున్నాను. పైభాగం అయిపోయింది. కింద అస్తరు, మధ్యలో కాటన్ బ్యాటింగ్ (దూది పొర) పరిచి పిన్నీసులు కూడా పెట్టేశాను. ఇప్పుడు గుడ్డని ముందుకి లాగే మిషన్ పళ్ళు దించేసి, గుడ్డని చేత్తో తిప్పుతూ మెలికల కుట్టు వేయాలి. నాకు రెండు బొటనవేళ్ల మొదట్లోనూ ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీళ్ల అరుగుదల. కాసేపు కుట్టేసరికి సలుపు మొదలవుతుంది, సాయంత్రానికి పచ్చడి సీసా మూత కూడా తిప్పలేను. డాక్టరు ఇచ్చిన స్ప్లింట్ (వేలు కదలకుండా పట్టి ఉంచే పట్టీ) పెట్టుకుంటే గుడ్డ మీద పట్టు దొరకదు. ఈ పని వదులుకోవడం నాకిష్టం లేదు. ఇలాంటి చేతులతో కుడుతున్నవాళ్లు చెప్పండి.

జవాబు 1
నాది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అండీ, మీ రకం కాదు. అయినా బొంత బరువు ఎవరి చేతికైనా ఒకటే. గుడ్డని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పట్టుకుంటే, ఆ ఒత్తిడి బొటనవేలి మొదట్లో ఉన్న కీలు మీద ఎన్నో రెట్లు పడుతుంది. అలా పట్టుకోకండి. సూదికి అటూ ఇటూ అరచేతులు పరిచి, మోచేతుల నుంచి కదపండి. వేళ్లకి రబ్బరు పూత ఉన్న క్విల్టింగ్ గ్లవ్స్ ఒక సైజు పెద్దవి కొంటే లోపల స్ప్లింట్ పడుతుంది.

ఇక అసలు సంగతి, బొంత బల్ల మీంచి కిందికి వేలాడకూడదు. వేలాడిందంటే ఆ బరువంతా మీ వేళ్లే లాగాలి. ఎడమ పక్కన ఇంకో బల్ల వేసి, బొంతని సూది చుట్టూ వదులుగా కుప్ప పోసుకోండి. మిషన్ మీద నున్నటి టెఫ్లాన్ షీట్ పరిస్తే గుడ్డ దానంతట అదే జారుతుంది. సూది కొత్తది వేయండి, 80/12 సైజు, టాప్‌స్టిచ్ రకం.

జవాబు 2
నేను గడి గడికీ విడిగా బ్యాటింగ్ పెట్టి కుట్టి, చివర్లో కలుపుతాను. మీరు అన్నీ కలిపేశారు కాబట్టి తర్వాతి బొంతకి చూడండి. పొద్దున్నే వేళ్ల బిగుతు వదలకుండా మొదలుపెట్టకండి. నేను 15 నిమిషాలకి టైమర్ పెట్టి వంటింట్లో ఉంచుతాను, ఆపాలంటే లేచి వెళ్లాల్సిందే. నొప్పి రాకముందే ఆపాలి, వచ్చాక ఆపితే ఆ రోజంతా పోయినట్టే. రోటరీ కట్టర్ (గుడ్డ కోసే చక్రం బ్లేడు) పట్టిన రోజు మాత్రం అసలు కుట్టను.

ప్రశ్న అడిగినావిడ
ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఇస్త్రీ బల్లని మిషన్ ఎత్తుకి దించి ఎడమ పక్కన పెట్టాను. బొంత దాని మీద ఆనుతోంది, చేతికి ఎంత తేలికో! సలుపు పూర్తిగా పోలేదు కానీ సాయంత్రం సీసా మూత తిప్పగలిగాను. మెలికలే గుండ్రంగా రావడం లేదు, కోసుగా వస్తున్నాయి. స్పీడు తగ్గించాలా?

జవాబు 1
తగ్గించొద్దు, కొంచెం పెంచండి. చేతులు నెమ్మదిగా కదపండి. మిషన్ కన్నా చెయ్యి ముందు పరిగెడితే వంపులు అలా కోసు తేలుతాయి. చేతులు మార్చుకోవాలంటే సూది గుడ్డలో దిగి ఉండగానే ఆగండి, అదీ వంపు మధ్యలో కాకుండా రెండు మెలికలు కలిసే చోట.