లేసీ యాక్ట్ తెచ్చిన ఈ లేసీ ఎవరు?

వరాహ_గట్టు:
మేం ఏటికొప్పాక లక్కబొమ్మలు అమెరికాలో ఒక షాపుకి పంపుతుంటాం. ఈసారి ఆ షాపాయన బొమ్మకి వాడిన కర్ర శాస్త్రీయ నామం, చెట్టు ఏ దేశంలో కొట్టారు, కర్ర ఎంత, ఇవన్నీ రాసిమ్మన్నారు. ఎందుకంటే లేసీ యాక్ట్ అన్నారు. చూస్తే అది 1900 నాటి చట్టం, పెట్టింది పక్షుల కోసం! మా అంకుడు కర్రకీ దానికీ ఏంటి సంబంధం? ఎవరీ లేసీ?

పాత_కాగితాలు:
జాన్ ఫ్లెచర్ లేసీ, అమెరికాలో అయోవా రాష్ట్రం నుంచి కాంగ్రెస్‌కి (అక్కడి పార్లమెంటు) గెలిచిన రిపబ్లికన్. సివిల్ వార్‌లో సైనికుడు, తర్వాత లాయరు, రైల్వే కేసుల తీర్పులన్నీ కూర్చి పుస్తకం వేశాడు. నా లెక్కలో కిటుకంతా ఈ రైల్వే అనుభవంలోనే ఉంది. అప్పట్లో వేట చట్టాలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానికే, దొంగచాటుగా చంపిన పిట్టల్ని రైలెక్కించి సరిహద్దు దాటిస్తే ఇక అడిగే నాథుడు లేడు. టోపీల మీద ఈకల ఫ్యాషన్ కోసం తెల్లకొంగల్ని గుంపులకి గుంపులే చంపేశారు. ఫెడరల్ ప్రభుత్వానికి వేట మీద పట్టు లేదు కానీ రాష్ట్రాల మధ్య వ్యాపారం మీద ఉంది, లేసీ దాన్ని అందుకున్నాడు. అక్రమంగా చంపినదాన్ని వేరే రాష్ట్రానికి పంపడమే నేరం అన్నాడు. పెట్టె మీద లోపలేముందో, పంపినవాళ్ల పేరు, అడ్రసు రాయాలన్నాడు. మీ ఫారానికి ముత్తాత అదే. 2008లో విదేశీ కలపని కూడా ఇందులో చేర్చారు, అలా మీ దాకా వచ్చింది.

చెరుకుతోట:
ఇంకోటి కలుపుతానండీ. బయటి జంతువుల దిగుమతిని కూడా ఆ చట్టమే కట్టడి చేసింది, పేరుపెట్టి నిషేధించిన వాటిలో ముంగిస ఉంది! చెరుకు తోటల్లో ఎలుకల్ని తింటుందని మన దేశం నుంచి 1872లో జమైకాకి, అక్కడి నుంచి 1883లో హవాయికి పట్టుకెళ్లారు. అది ఎలుకలతో ఆగకుండా పక్షుల గుడ్ల మీద పడింది.

అడవిదారి:
నాకైతే ఆయన 1894 చట్టమే గొప్పనిపిస్తుంది. ఎల్లోస్టోన్ 1872 నుంచీ నేషనల్ పార్కే, అయినా బైసన్‌ని (అమెరికా అడవిదున్న) చంపుతూ దొరికినవాణ్ణి బయటికి తోలేయడం తప్ప శిక్షించే వీల్లేదు. ఆ మార్చిలో ఒకడు చంపిన బైసన్‌ల దగ్గరే దొరికిపోయాడు, వార్త పత్రికలకెక్కింది, మే నెలకల్లా లేసీ బిల్లు చట్టమైంది, రెండేళ్ల దాకా జైలు. 1906లో పురావస్తు స్థలాల్ని కాపాడే యాంటిక్విటీస్ యాక్ట్ కూడా ఆయనదే, అదే ఏడాది ఎన్నికల్లో ఓడిపోయాడు. అంతరించిపోయిన పాసింజర్ పావురాల జాతికి మాత్రం ఆ పక్షుల చట్టం బాగా ఆలస్యంగా వచ్చింది. ఆఖరిది 1914లో సిన్సినాటి జూలో చచ్చిపోయింది, అప్పటికి లేసీ పోయి ఏడాది.

వరాహ_గట్టు:
చాలా థాంక్సండీ. ఇన్నాళ్లూ ఇది ఉత్త కాగితాల తంతు అనుకున్నాం. అంకుడు అంటే రైటియా టింక్టోరియా, దేశం ఇండియా అని రాస్తున్నా, సరిపోతుందా?

పాత_కాగితాలు:
పేరు కరెక్టే. బొమ్మల్లో వేరే కర్ర ఏదైనా ఉంటే మాత్రం దాన్ని ఇందులో కలిపేయకండి, వేరే వరసలో రాయండి.