తిప్పతీగ క్యాప్సూల్: ఎలుకలకు ఏమీ కాలేదంటే మనకూ సేఫేనా?

శేషాచలం నీడ:
మా మామ రెండేళ్లుగా రోజూ పరగడుపున తిప్పతీగ క్యాప్సూల్ వేసుకుంటున్నారు. డబ్బా మీద ‘ఎలుకలపై పరీక్షించినది, లివర్‌కు హాని లేదు’ అని ఉంది. వద్దంటే ఇంట్లో గొడవ. తిరుపతిలో ఆయుర్వేదం, అల్లోపతి రెండూ తెలిసినవాళ్లు ఉన్నారు కదా, ఆ మాట నమ్మొచ్చా?

పుత్తూరోడు:
తాతల నాటి తీగ అది. పుత్తూరు కట్టు కోసం ఎవరైనా ఎలుక కాలు విరిచి చూశారా? పారాసిటమాల్ ఎక్కువైతే మటుకు లివర్ పోదా?

ల్యాబ్‌పిల్ల:
పోతుంది అన్నా, ఎంత మింగితే పోతుందో లెక్క తెలుసు కాబట్టే మోతాదు రాస్తారు. కట్టు సరిగా పడిందో లేదో ఎక్స్‌రే చెబుతుంది. లివర్ అలా కాదు, బాగా దెబ్బతినేదాకా బయటపడదు.

ఎమ్మెస్సీలో ఎలుకలకు మొక్కల సారం పట్టినదాన్ని నేను. మొన గుండ్రంగా ఉండే సూదితో నోట్లోంచి నేరుగా కడుపులోకి, వరుసగా 28 రోజులు. ఆ తర్వాత రక్తం తీసి, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, బిలిరుబిన్ చూస్తాం. లివర్‌ను తూచి, పలచగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతాం. గ్రూపుకు పది ఎలుకలు, అన్నీ ఆరోగ్యంగా ఉన్నవే. మోతాదుతో పాటు పెరిగే విషమైతే ఇందులో దొరుకుతుంది. వేలమందిలో ఒకరికి వచ్చేది పది ఎలుకల్లో ఎక్కడ దొరుకుతుంది?

తిప్పతీగ గొడవ అక్కడే. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురు పేషెంట్ల గురించి రాశారు. వాళ్ల ఒంట్లోని రక్షణ వ్యవస్థే లివర్ మీద పడ్డట్టు కనిపించింది. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాళ్లు వాడింది అదే జాతికి దగ్గరి వేరే తీగ కావచ్చంది. పొడి చేశాక రెంటినీ కంటితో పోల్చడం కష్టం మరి.

ఇంకోటి. ఇంట్లో కాచిన కషాయం, ఆల్కహాల్‌తో తీసిన సారం ఒకటి కావు. నీళ్లలో దిగనివి ఆల్కహాల్‌లో దిగుతాయి. డబ్బా మీద ఏ సారమో రాశారా?

పుత్తూరోడు:
ఆరుగురి కోసం ఊరంతా మానేయాలా? మా అవ్వకు కామెర్లు నేల ఉసిరితోనే తగ్గాయి.

ల్యాబ్‌పిల్ల:
కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నేల ఉసిరి వాడితే 37 మంది హెపటైటిస్-బి వాళ్లలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందని 1988లో మద్రాసు బృందం రాసింది. తర్వాత చేసినవాళ్లలో చాలామందికి అలా రాలేదు. మానేయమనట్లేదు అన్నా. రోజూ మింగేవాళ్లు ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష, చేయించుకోమంటున్నా.

శేషాచలం నీడ:
డబ్బా అంతా వెతికా, ఏ సారమో లేదు. శనివారం మామను ఎల్‌ఎఫ్‌టీకి తీసుకెళ్తున్నా. ఆ రోజు క్యాప్సూల్ వేసుకుని రావచ్చా అని అడుగుతున్నారు.