లైట్ రోస్ట్‌తో ఎస్ప్రెస్సో షాట్ చిమ్ముతోంది: ముందు ప్రెషర్ తగ్గించాలా, ప్రీఇన్‌ఫ్యూజన్ (పూర్తి ప్రెషర్‌కి ముందు పొడిని మెల్లగా తడపడం) పెట్టాలా?

మణికొండ_మగ్గు
సింగిల్ బాయిలర్ మెషిన్, వైబ్రేషన్ పంపు, స్టీమ్ నాబ్ చేత్తో తిప్పేది. అడుగు లేని పోర్టాఫిల్టర్ (పొడి బాస్కెట్ పట్టే పిడి), చేతి గ్రైండర్. డార్క్ రోస్ట్‌తో ఏ గొడవా లేదు. అరకు లైట్ రోస్ట్ పెడితేనే పేచీ. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 16, 17 సెకన్లకే దిగిపోతోంది, సన్న ధారలు గోడ టైల్స్ దాకా చిమ్ముతున్నాయి. గ్రైండ్ ఇంకా సన్నం చేస్తే కాసేపు చుక్క కూడా రాదు, తర్వాత ఒక పక్కనుంచి దూకుతుంది. తాగితే ముందు పులుపు, వెనకే చేదు. ప్రెషర్ గేజ్‌లో 12 బార్ దాటుతోంది. ప్రెషర్ తగ్గేలా వాల్వ్ స్ప్రింగ్ మార్చనా, పంపు నెమ్మదించేలా డిమ్మర్ పెట్టించనా?

బెజవాడ_బాయిలర్
ముందు స్ప్రింగే. డబ్బా మీద 15 బార్ అని రాసేది పంపు ఎంతదాకా తొయ్యగలదో చెప్పే లెక్క. కాఫీ మీద ఎంత పడాలో తేల్చేది ఓపీవీ (ఓవర్ ప్రెషర్ వాల్వ్). అందులో స్ప్రింగ్ ఎంత బిగువుగా ఉంటే ప్రెషర్ అంతవరకూ ఎక్కుతుంది, మించిన నీళ్ళు సన్న ట్యూబ్‌లోంచి ట్యాంకులోకి వెనక్కి పోతాయి. షాట్ నడుస్తుండగా ట్యాంకులోకి తొంగి చూడండి. ఆ ట్యూబ్ కారుతుంటే వాల్వ్ తెరుచుకున్నట్టు. చుక్క కూడా రాకపోతే ప్రెషర్ ఇంకా ఆ హద్దుకే చేరలేదని అర్థం.

ఇంతకీ గేజ్ ఎలా పెట్టారు? నీళ్ళు బయటికి పోకుండా మూసి చూస్తే అసలు షాట్‌లో ఉండేదానికంటే ఒక బార్ అటూ ఇటూ ఎక్కువే చూపిస్తుంది. అలా మూసినప్పుడు 10 చూపిస్తే కాఫీ మీద 9 అనుకోవచ్చు. పాత గాజియా క్లాసిక్ మెషిన్లలో ఓపీవీని అలెన్ కీతో తిప్పితే సరిపోయేది, తర్వాత వచ్చినవాటిలో స్ప్రింగే మార్చాలి. 9 బార్‌వీ 6.5 బార్‌వీ దొరుకుతాయి. లైట్ రోస్టే తాగేవాళ్ళయితే నేను 6.5 వైపే మొగ్గుతాను. పని మొదలుపెట్టేముందు ప్లగ్ పీకండి, బాయిలర్ పూర్తిగా చల్లారాక మూత విప్పండి.

గుంటూరు_డికాక్షన్
స్ప్రింగూ వాల్వూ సరే, ముందు గ్రైండర్ సంగతి అడగరేం? పొడిలో ఉండలుంటే 6 బార్‌కైనా చిమ్ముతుంది. సన్న సూదులతో బాస్కెట్ అడుగుదాకా కలిపి, సమంగా నొక్కి చూడమనండి. ఉన్న బాస్కెట్ రెండు పొరలదైతే ఈ చర్చే అక్కర్లేదు. అక్కడ ప్రెషర్ పుట్టించేది అడుగున ఉన్న ఒక్క చిల్లు, కాఫీ కాదు.

మణికొండ_మగ్గు
బాస్కెట్ ఒకే పొరదండీ. సూదులతో కలుపుతూనే ఉన్నాను. కలిపినా చిమ్ముడు ఆగట్లేదు.

విశాఖ_లీవర్
నాది ఫ్లెయిర్, పంపే లేదు, అంతా చెయ్యే. కాబట్టి ఏం జరుగుతోందో చేతికే తెలుస్తుంది. మొదట 2 బార్ చుట్టూ పట్టుకుని ఆగుతాను. బాస్కెట్ అడుగంతా తడి నలుపెక్కి అక్కడక్కడా చుక్కలు పూసాక 8కి తీసుకెళ్తాను. చివరికి పొడి నుంచి అడ్డు తగ్గుతుంది, అప్పుడు నేనూ వదులుతూ 5 దగ్గర ముగిస్తాను. స్ప్రింగ్ లీవర్ మెషిన్లలోనూ ఇంతే, స్ప్రింగ్ సాగేకొద్దీ ప్రెషర్ దానంతటదే పడిపోతుంది. 1948లో గాజియా లీవర్లతో క్రెమా (కాఫీ పైన తేలే నురగ) మొదలైన రోజుల్లోనూ ఇదే పద్ధతి.

లైట్ రోస్ట్ గింజ గట్టిది, అందులోని రుచి నీళ్ళలోకి తొందరగా దిగదు. అందుకే సన్నగా పట్టాలి. అంత సన్నటి కాఫీ పొడి తడవకముందే 12 బార్ వచ్చి పడితే, నెర్రెలిచ్చిన మడిలోకి కాలువ ఒక్కసారిగా వదిలినట్టే. ముందు తడిస్తే పొడి ఉబ్బి సందులు మూసుకుంటాయి.

నల్గొండ_నురగ
పంపుకి ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టొచ్చా అన్నా? ఇంట్లో పాతదొకటి పడి ఉంది.

బెజవాడ_బాయిలర్
పెట్టొద్దు తమ్ముడూ. ఇప్పటి స్టెప్ రెగ్యులేటర్లలో ఉండేవి కెపాసిటర్లు, ఈ పనికి కుదరవు. ట్రయాక్ డిమ్మరే కావాలి, అదీ పంపు వైరు ఒక్కదానికే. మెషిన్ మొత్తానికి పెడితే హీటరూ సోలెనాయిడూ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) కూడా మందగిస్తాయి. 230 వోల్టులు, పక్కనే నీళ్ళు. ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు.

కూకట్‌పల్లి_క్రెమా
రూపాయి ఖర్చులేని పద్ధతి ఒకటుంది, గాజియా క్లాసిక్ వాళ్ళకి బాగా తెలుసు. స్టీమ్ గొట్టం కింద గ్లాసు పెట్టి నాబ్ తెరవండి. మెషిన్ కాఫీ వేడి మీదే ఉండాలి, స్టీమ్ స్విచ్ ముట్టుకోవద్దు. ఇప్పుడు బ్రూ స్విచ్ వెయ్యండి. నీళ్ళు సులువు దారి వెతుక్కుని ఎక్కువ భాగం గ్లాసులోకే పోతాయి, పొడి మీద మెల్లగా పడుతుంది. ఐదారు సెకన్ల తర్వాత నాబ్ నిదానంగా మూస్తూ రండి, ప్రెషర్ మెల్లగా ఎక్కుతుంది. మరీ సాగదీయొద్దు. బాయిలర్ పట్టేదే 100 మిల్లీలీటర్ల చుట్టూ, చన్నీళ్ళు చేరి వేడి పడిపోతే మళ్ళీ పులుపే.

పంపు వేసి, ఆపి, మళ్ళీ వేసే పద్ధతి మాత్రం ఇలాంటి మెషిన్లలో వద్దు. స్విచ్ ఆపగానే మూడు దారుల సోలెనాయిడ్ తెరుచుకుని ప్రెషరంతా డ్రిప్ ట్రేలోకి చుస్‌మని వదిలేస్తుంది. అప్పటిదాకా తడిసిన పొడి అక్కడే పగులుతుంది.

ఫ్రిస్కో_పెద్దన్న
టెక్సస్ నుంచి. నా లెలిట్ బియాంకా మెషిన్‌లో తెడ్డు తిప్పి నీటి ధారను తగ్గించుకుంటాను. దాని ఈ61 హెడ్‌లో (పొడి మీదికి నీళ్ళు వదిలే భాగం, ఫేమా 1961లో తెచ్చింది) లోపలి చిన్న గది నిండేదాకా ప్రెషర్ పూర్తిగా ఎక్కదు, ఆ కాస్త ప్రీఇన్‌ఫ్యూజన్ ఎటూ ఉంటుంది. బ్రెవిల్ బాంబినో ఉన్నవాళ్ళకి ఇంకా సులువు. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ ప్రీఇన్‌ఫ్యూజన్, వదిలితే పూర్తి ప్రెషర్. అయితే పాలల్లోకి డార్క్ రోస్ట్ తీసినప్పుడు నేను తెడ్డు జోలికే పోను. డార్క్‌ని ఎక్కువసేపు నానబెడితే చేదు పెరగడమే మిగులుతుంది.

అన్నట్టు, ఇక్కడి మెషిన్ ఇండియాకి మోసుకెళ్దామని చూసేవాళ్ళకి ఒక మాట: 120 వోల్టులదైతే వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఈ పంపు 60 హెర్ట్జ్‌కి తయారైంది, మన 50 మీద నీళ్ళు తక్కువ తోస్తుంది.

మణికొండ_మగ్గు
స్టీమ్ నాబ్ పద్ధతి చేశాను. చిమ్ముడు చాలావరకు ఆగింది, ధారలు మధ్యలో ఒకటిగా కలుస్తున్నాయి. ఇప్పుడు టైమ్ 34 సెకన్లు చూపిస్తోంది. ప్రీఇన్‌ఫ్యూజన్ కూడా కలిపి లెక్కెయ్యాలా?

గుంటూరు_డికాక్షన్
పంపు వేసినప్పటినుంచీ లెక్క. రుచి ఎలా ఉందో చెప్పకుండా సెకన్లెందుకు?

విశాఖ_లీవర్
నేను మొదటి చుక్క పడిన సెకను, ఆపిన సెకను విడిగా రాసుకుంటాను. మొదటి చుక్క ఒక షాట్‌కి 9వ సెకనులో, ఇంకోదానికి 14లో పడిందంటే గ్రైండో పొడి బరువో మారిందని తెలుస్తుంది. మొత్తం టైమ్ ఒక్కటే చూస్తే అది దొరకదు.

మణికొండ_మగ్గు
పులుపు ఉంది కానీ నాలుక పట్టేసే పులుపు కాదు, నారింజ పులుపు. చివర కొంచెం వగరు.

బెజవాడ_బాయిలర్
వగరు మిగిలిందంటే గ్రైండ్ ఒక క్లిక్ ముతక చెయ్యండి. నాబ్ పూర్తిగా మూశాక మళ్ళీ 12 దాకా ఎక్కుతోంది కదా, స్ప్రింగ్ వచ్చేదాకా సగమే మూసి ఉంచినా నడుస్తుంది. ఇంకో సంగతి, మీ దగ్గర బోరు నీళ్ళయితే వాల్వ్‌లో సున్నం పేరుకుని స్ప్రింగ్ బిగుసుకుపోతుంది. విప్పినప్పుడు సిట్రిక్ యాసిడ్‌లో కడిగాకే కొత్త స్ప్రింగ్ వెయ్యండి.